నాసిక్ ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూడటానికి ఏ నెలలో, ఎక్కడికి వెళ్తే మంచిది?

ప్రశ్న: గౌతమీతీరం (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. ఈ శీతాకాలంలో మా అత్తగారు, మామగారితో కలిసి శిరిడీ, త్ర్యంబకేశ్వరం వెళ్లాలని అనుకుంటున్నాము. దర్శనాలు పూర్తయ్యాక ఒక రోజంతా నాసిక్‌లో విశ్రాంతి తీసుకుంటామని పెద్దవాళ్లు అన్నారు. ఆ రోజు నేనూ మా వారూ అక్కడి వైనరీలు చూసి రావాలని ఉంది.

మేమిద్దరం వైన్ రుచి చూసింది విందుల్లోనే, అదీ ఒకటి రెండు గుక్కలు. ఏది మంచిదో చెప్పగలిగే అనుభవం మాకు లేదు. తాగాలన్న కోరిక కంటే ద్రాక్ష తోటలో నుంచి సీసాలోకి ఎలా చేరుతుందో చూడాలన్న ఆసక్తే ఎక్కువగా ఉంది. అందుకని ఏ నెలలో వెళ్తే పని జరుగుతుండగా చూడవచ్చో, ఒక్క రోజులో ఎన్ని చోట్లకు వెళ్లవచ్చో, టేస్టింగ్ అంటే అసలు ఏం చేస్తారో, వాళ్లు పోసినదంతా తాగాలో అక్కరలేదో తెలిసినవారు చెప్పగలరా? మన కారానికీ పులుపుకూ ఈ వైన్లు సరిపడతాయా అన్నది మా వారి సందేహం.

జవాబు: పంచవటి నివాసి (నాసిక్)

గౌతమీతీరం గారూ, మీరు అడిగిన వాటిలో నెల సంగతే అన్నిటికంటే ముఖ్యం. జనవరి నెలాఖరు నుంచి మార్చి మొదటి వారాల లోపు రండి. ఐరోపాలో ద్రాక్షకోత ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సాగితే ఇక్కడ అది చలికాలం చివర వస్తుంది. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. దక్కన్‌లో అంత చలి ఉండదు కాబట్టి తీగకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడి రైతులు తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి పంట మాత్రం ఒక్కటే తీసుకుంటారు. ఏప్రిల్ ప్రాంతంలో జరిగే మొదటి కత్తిరింపు తర్వాత వచ్చే కొమ్మల్లో కాయ మొగ్గ ఏర్పడుతుంది, వానాకాలం అలా గడిచిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోసారి కత్తిరిస్తే పూత వచ్చి, వానలు లేని చల్లని రోజుల్లో కాయ పండుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉండటం వల్ల పండులో తీపి పెరుగుతూనే పులుపు కూడా నిలుస్తుంది. ఆ పులుపు లేని వైన్ నాలుకకు చప్పగా తగులుతుంది. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటమే నాసిక్‌కు కలిసివచ్చిన అదృష్టం.

కోత రోజుల్లో వస్తే తెల్లవారకముందే గుత్తులు కోసి బుట్టలకెత్తడం, ఎండ ముదరకముందే వాటిని వైనరీకి చేర్చడం చూడవచ్చు. తెల్ల వైన్ చేయడానికి పండ్లను వెంటనే పిండి, తొక్క వేరుచేసి, రసాన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కలతో సహా పులియనిస్తారు, ఎందుకంటే రంగూ వగరూ రెండూ తొక్కలోనే ఉన్నాయి. పులుస్తున్న ట్యాంకు పక్కన నిలబడితే వచ్చే వాసనను ఏ పుస్తకమూ చెప్పలేదు. జూలైలో వస్తే కొండలు పచ్చగా కనువిందు చేస్తాయి గానీ తయారీ గది నిశ్శబ్దంగా ఉంటుంది. మీ ఆసక్తి తయారీ మీద కాబట్టి ఫిబ్రవరి తప్ప మరో నెల నేను చెప్పను.

ఇక చోటు. మొదటిసారి వచ్చేవారు సూలా వైనరీకి వెళ్లడం సబబే. కాలిఫోర్నియాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర ఇక్కడ సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్షరకాల తీగలు నాటించారు. 2000లో మొదటి వైన్ విడుదలైంది, 2005లో సందర్శకుల కోసం టేస్టింగ్ రూమ్ తెరిచారు. ఈ జిల్లాలో ఇన్ని వైనరీలు రావడానికి ఆ తోట ఒక కారణమైతే, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం మరో కారణం. సూలా తోటలు, దగ్గరలోని యార్క్, సోమా వైనరీలు అన్నీ గంగాపూర్ ఆనకట్ట జలాశయం చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ ఆనకట్ట గోదావరి మీదిదే. ముందురోజు త్ర్యంబకంలో నది పుట్టుక చూసినవారు మర్నాడు ఆ నీటితోనే పెరిగిన తోటలో తిరగవచ్చు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మా బంధువులకు ఆ మాట చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

రోజుకు రెండు చోట్లు చాలు. మూడోదానికి వెళ్లేసరికి నాలుక అలసిపోయి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. పొద్దున సూలా చూసి, మధ్యాహ్నం ఏదైనా చిన్న వైనరీకి వెళ్లండి. కారు, ఓపిక రెండూ ఉంటే ముంబయి దారిలో ఇగత్‌పురి వైపున్న ‘వల్లోనే’ అనే వైనరీకి వెళ్లమని నా సలహా. ముకణే జలాశయం పక్కనున్న ఆ చిన్న వైనరీలో జనం ఒత్తిడి ఉండదు, అడిగిన ప్రశ్నకు తీరికగా జవాబు దొరుకుతుంది. బుడగల వైన్ మీద ఆసక్తి ఉంటే దిండోరిలో షాందోఁ అనే వైనరీ ఉంది. శని, ఆదివారాల్లో మాత్రం రావద్దు. ముంబయి, పుణే నగరాలు రెండూ ఇక్కడే ఉన్నట్లుంటుంది. ఎక్కడికైనా ముందుగా ఫోన్ చేసి తోట చూపించే వేళలు, రుసుము తెలుసుకోండి.

పోసినదంతా తాగనక్కరలేదు. ఒక్కో రకం 30, 40 మిల్లీలీటర్ల చొప్పున ఐదారు రకాలు ఇస్తారు. బల్ల మీద ఒక పాత్ర ఉంటుంది. మిగిలింది అందులో పారబోయవచ్చు, నోట్లోది ఉమ్మేయవచ్చు. దాన్ని ఎవరూ అమర్యాదగా భావించరు, రోజూ రుచి చూసే నిపుణులు చేసేది అదే. కొత్తవారికి తెల్ల వైన్లే త్వరగా నచ్చుతాయి కాబట్టి ఎర్రవి వదిలేసినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

జవాబు: పెన్నేటి గట్టు (హిందూపురం)

నాసిక్ గురించి పైవారు చెప్పినదానికి నేను కలపగలిగింది లేదు. అయితే రాయలసీమ వారికి, బెంగళూరులో ఉండే మనవారికి నంది కొండల దిగువనున్న గ్రోవర్ తోటలు ఇంకా దగ్గర. మాకు దొడ్డబళ్లాపురం దారిలో ఒక పూట ప్రయాణం. కన్వల్ గ్రోవర్ అనే ఆయన ఫ్రాన్సు నిపుణుడు జార్జ్ వెసెల్ సాయంతో దేశంలో అనేకచోట్ల నేల పరీక్షించి ఇక్కడ తీగలు నాటారు. 1990ల తొలినాళ్లలో వైన్ బయటికి వచ్చింది. ఆ తర్వాత ఫ్రాన్సులోని బోర్డో నుంచి మిషెల్ రోలాఁ అనే వైన్ నిపుణుడు సలహాదారుగా చేరారు. వాళ్ల లా రిజర్వ్ అనే ఎర్ర వైన్ కాబర్నే సావిన్యాన్, షిరాజ్ అనే రెండు ద్రాక్షరకాలు కలిపి చేసేది. ఈ దేశంలో ఎర్ర వైన్ నిలకడగా చేయవచ్చని చూపించింది ఆ సీసాయేనని నేను నమ్ముతాను.

ఒక చిన్న హెచ్చరిక. చిక్కబళ్లాపురం చుట్టుపక్కల మీకు కనిపించే నల్లద్రాక్ష చాలావరకు బెంగళూరు బ్లూ. దాన్ని తింటారు, రసం తీస్తారు, చవకైన తియ్యని వైన్ కూడా చేస్తారు. కాబర్నే, షిరాజ్ పండ్లు వేరు. చిన్నవిగా, మందపాటి తొక్కతో, నిండా గింజలతో ఉంటాయి. తోట చూపించేవారు అనుమతిస్తే రెండు రకాలూ నమిలి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

జవాబు: వంటింటి పరిమళం (విజయవాడ)

పంచవటి నివాసి గారి మాటల్లో ఒక్కదానితో మాత్రం నేను ఏకీభవించలేను. ఎర్ర వైన్లు వదిలేయమని కొత్తవారికి చెప్పవద్దు. మొదటిసారి వగరు తగలగానే చాలామంది ముఖం చిట్లిస్తారు, నిజమే. కానీ ఆ వగరు లేత మామిడిపిందెలో, వక్కలో మనకు చిన్ననాటి నుంచి పరిచయమున్నదే. దాన్ని గుర్తుపట్టడానికి మనకున్నంత సౌలభ్యం చాలామందికి ఉండదు. అన్నం తినకుండా, ఉత్త నోటితో తాగినందువల్లనే ఎర్ర వైన్ కటువుగా అనిపిస్తుంది. ఒక ముక్క మాంసమో, పనీరో నమిలి అదే గుక్క మళ్లీ తాగి చూడమనండి. వగరు సగానికి తగ్గినట్లు ఉంటుంది, ఎందుకంటే ఆ పదార్థాల్లోని మాంసకృత్తులు, కొవ్వు దాన్ని పట్టి ఉంచుతాయి.

కారం విషయంలో మీ వారి సందేహం సరైనదే. మిరప మంటను ఆల్కహాలూ వగరూ రెండూ పెంచుతాయి. కాబట్టి గుంటూరు కారం వేసిన కోడి వేపుడుకు 14 శాతం ఆల్కహాలున్న కాబర్నే జోడిస్తే రెండూ పాడవుతాయి. అలాంటి వంటకు కొంచెం తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్‌ను బాగా చల్లబరిచి తాగాలి. ఆ తీపి మంటను అణుస్తుంది. గోంగూర, చింతపండు, చేపల పులుసు లాంటి వాటి ముందు పులుపు తక్కువున్న వైన్ నీళ్లలా తేలిపోతుంది. అక్కడ సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది, దానిలోని పచ్చివాసన కరివేపాకు, కొత్తిమీరలతో చక్కగా కలుస్తుంది. ఎర్ర వైన్లకు మిరియాలతో చేసిన మాంసం, పత్తర్ కా గోష్త్, బొగ్గుల మీద కాల్చిన కబాబులు తగినవి. బిర్యానీకి నా ఓటు గులాబీరంగు వైన్‌కే. పెరుగన్నానికి, ఆవకాయకు మాత్రం ఏ వైనూ జోడు కాదు, వాటిని వాటి మానాన వదిలేయాలి.

టేస్టింగ్‌లో వరుసకు అర్థముంది. బుడగలవి, తేలిక తెల్లవి, గులాబీరంగువి, ఎర్రవి, చివర తియ్యనివి. ఈ వరుస తిరగేస్తే తేలిక వైన్ల రుచి నాలుకకు తెలియదు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి తగలకూడదు. ఒకసారి కదపకుండా, ఒకసారి గుండ్రంగా తిప్పి వాసన చూడండి. పక్కవారు చెప్పే నల్లరేగిపండు, స్ట్రాబెరీ వాసనలు మీకు తోచకపోతే నిరుత్సాహపడవద్దు. జామ, నేరేడు, లవంగం, తడిసిన మట్టి అని మీకు తోచింది చెప్పండి, అదే సరైన మాట. ఆ రోజు సెంటు పూసుకోకండి, తాంబూలం వేసుకోకండి.

హైదరాబాదు నుంచి వెళ్తున్నారు కాబట్టి మరొక మాట. మన ప్రాంతం అనాబెషాహీ లాంటి తినే ద్రాక్షకు పేరుపొందింది గానీ వైన్ ద్రాక్షకు కాదు. అయినా హైదరాబాదుకు చెందిన కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ దంపతులు కర్ణాటకలో హంపి దగ్గరి గుట్టల్లో క్రస్మా అనే తోట పెంచారు. వాళ్ల కాబర్నే సావిన్యాన్ ఎక్కడైనా దొరికితే తప్పక రుచి చూడండి. తుంగభద్ర ప్రాంతపు రాతినేలలో అంత లోతున్న వైన్ పండుతుందని నేను ఊహించలేదు.

జవాబు: దక్కను బాటసారి (షోలాపూర్)

శిరిడీకి కారులో వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఒక దారి. హైదరాబాదు, షోలాపూర్ మీదుగా పండరిపురం వెళ్తే అక్కడికి దగ్గర్లోనే అక్లూజ్ ప్రాంతంలో ఫ్రాతెల్లి తోటలు ఉన్నాయి. ఇటలీకి చెందిన అన్నదమ్ములు, ఢిల్లీకి చెందిన అన్నదమ్ములు, అక్లూజ్ మోహితే పాటిల్ కుటుంబంలోని అన్నదమ్ములు కలిసి పెట్టిన సంస్థ అది. టస్కనీ నుంచి వచ్చిన పియెరో మాసి వైన్ తయారీ బాధ్యత చూశారు. ఇటలీ రకమైన సాంజొవేజే మన ఎండల్లో ఎలా పండుతుందో తెలుసుకోవాలంటే అక్కడికే వెళ్లాలి. పాండురంగడి దర్శనం చేసుకుని తోటకు వెళ్లవచ్చు. ముందస్తు అనుమతి తప్పనిసరి అనుకోండి.

గౌతమీతీరం (ప్రశ్న అడిగినవారు)

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రయాణాన్ని ఫిబ్రవరి రెండో వారానికి మార్చుకున్నాము. మా మామగారు ఈ చర్చ చదివి, తాగకపోయినా తోట చూడటానికి తానూ వస్తానన్నారు. తాగనివారిని లోపలికి రానిస్తారా? నచ్చిన సీసాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: పంచవటి నివాసి (నాసిక్)

పెద్దాయన నిస్సంకోచంగా రావచ్చు. తోట, తయారీ గది చూసి, టేస్టింగ్ వేళ భోజనశాలలో కూర్చునేవారు చాలామందే ఉంటారు. ఒకప్పుడు వ్యవసాయం చేసినవారైతే పందిరి కట్టిన తీరు, డ్రిప్ నీటి గొట్టాలు చూసి మీకంటే ఆయనే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. వైన్ తాగడానికి ఇక్కడ 21 ఏళ్లు నిండాలి. గణతంత్ర దినం లాంటి సెలవుల్లో, ఎన్నికల రోజుల్లో మద్యం అమ్మరు కాబట్టి తేదీలు చూసుకోండి.

కారు మీరు నడపవద్దు, ఆ రోజుకు డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఐదారు రకాలు రుచి చూసినవారు ఆ పరిమితి దాటడానికి ఎక్కువసేపు పట్టదు. సీసాల విషయంలో రాష్ట్రం దాటించడానికి ఎక్సైజ్ నిబంధనలు వర్తిస్తాయి. అవి మారుతూ ఉంటాయి కాబట్టి కొనేముందే తెలంగాణ ఎక్సైజ్ శాఖను అడిగి తెలుసుకోండి, బిల్లు దగ్గర ఉంచుకోండి. తెచ్చుకోవడానికి వీలైతే ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం ఉంచకండి, ఒక్క మధ్యాహ్నంలో వైన్ ఉడికిపోతుంది. ఇంట్లో చీకటిగా, చల్లగా ఉన్న అరలో పెట్టండి. షెనిన్, సావిన్యాన్ బ్లాంక్ సీసాలు ఏడాది లోపే తాగేయండి. దాచిపెట్టినంత మాత్రాన అవి మెరుగుపడవు.