వెనక్కి వచ్చిన నటరాజు ఎక్కడుండాలి? గుడిలోనా, మ్యూజియంలోనా?

గోదారిగట్టు:
మొన్న చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాలు చూశాను. తిరువాలంగాడు నటరాజు ముందు ఒక పెద్దావిడ, గార్డు చూస్తున్నా పట్టించుకోకుండా, చెప్పులు పక్కన విడిచి లెంపలేసుకుని దండం పెట్టుకుంది. పక్కనే కాలేజీ పిల్లల సెల్ఫీలు. నాకు ఆవిడదే కరెక్టనిపించింది. చోళుల కాలపు ఉత్సవ విగ్రహాలివి, పీఠాలకున్న కన్నాలు ఊరేగింపులో కర్రలు దూర్చడానికి. ఇంకో సంగతి. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడిలో దొంగలెత్తుకెళ్లిన నటరాజును ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లకు కొంది, 2014లో వాళ్ల ప్రధాని టోనీ అబాట్ తెచ్చి మోదీకి అప్పగించారు. స్వామి తన గుడికి చేరాడా? లేదు, కుంభకోణంలో విగ్రహాల భద్రతా కేంద్రానికి. అక్కడ గాజు పెట్టె, ఇక్కడ తాళం. తేడా ఏంటండీ?

చింతచిగురు:
తేడా ఉంది, ఇక్కడ దొంగ రాడు. మీరు చెప్పే గుడిలో పూజలు ఎప్పుడో ఆగిపోయాయి, విగ్రహాలు పోయిన సంగతి 2008లో తలుపు తీసి చూసేదాకా తెలియలేదు. మళ్లీ అక్కడే పెడదామా?

కొత్తపేట:
ఆదాయం లేని గుడికి అర్చకుడు ఎక్కణ్ణుంచి వస్తాడు సార్? మన దగ్గర ఇలాంటి గుళ్లలో నిత్యపూజకు ప్రభుత్వం డబ్బిచ్చే ధూప దీప నైవేద్యం పథకం ఎందుకు పెట్టాల్సి వచ్చిందనుకున్నారు? తప్పంతా ఊరివాళ్ల మీదకి తోసేయకండి.

మైనపుబొమ్మ:
నేను మ్యూజియం పార్టీ, తిట్టుకోండి. గుడిలో పట్టుబట్టలు, పూలదండలు పోగా కనిపించేది ముఖమే, ఆ ముఖం కూడా వందల ఏళ్ల అభిషేకాలకీ, చింతపండు పెట్టి తోమడానికీ అరిగిపోయి ముక్కు, కళ్లు నున్నబడ్డ విగ్రహాలు ఎన్ని లేవు! మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. విగ్రహం బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. అలాంటిది మరొకటి రాదు.

గోదారిగట్టు:
అరిగితే అరిగింది. అభిషేకం చెయ్యడానికే కదా చేశారు.

చింతచిగురు:
నకలు చేయించి గుడిలో పెట్టి, అసలుది మ్యూజియంలో ఉంచితే సరి.

కొత్తపేట:
ఆ ముచ్చటా అయింది. తమిళనాడులోనే శివపురం గుడి నటరాజును 1950ల్లో బాగుచేయమని ఒక స్థపతికి, అంటే విగ్రహాలు చేసే శిల్పికి, ఇస్తే, తిరిగొచ్చింది నకలు. ఊరివాళ్లు ఏళ్లతరబడి దానికే హారతులిచ్చారు. అసలుది చేతులు మారి చివరికి అమెరికాలో నార్టన్ సైమన్ దగ్గర తేలింది, 1973లో 9 లక్షల డాలర్లు పెట్టి కొన్నాడాయన. కేసు, రాజీ, చివరికి 1986లో వెనక్కి. మరి ఆ నకలుకి చేసిన పూజలు ఏమైనట్టు? నన్నడిగితే ఆ పూజలు చెల్లాయి, మోసం మాత్రం మోసమే. తెలిసి పెట్టిన నకలు వేరు, తెలియకుండా అంటగట్టింది వేరు. మీరు చెప్పే నకలు ఊరివాళ్లని అడిగి పెట్టండి, ఒప్పుకుంటాను.

మైనపుబొమ్మ:
ఇది న్యాయంగానే ఉంది. భద్రతా కేంద్రాల్లో దాచిన విగ్రహాలను పండగ రోజుల్లో కాపలాతో సొంత ఊరికి తీసుకెళ్లడం తమిళనాడులో ఉన్న పద్ధతే. శ్రీపురందాన్ నటరాజును కూడా ఏటా ఆరుద్ర దర్శనానికి, అదే నటరాజు పండక్కి, పంపొచ్చు.

గోదారిగట్టు:
ధనుర్మాసంలో తెల్లవారుజామున అభిషేకం మరి. చింతపండు సంగతి మీరే చూసుకోండి :)