స్టీరింగ్‌లో వదులు: బాక్సు స్క్రూ బిగించే ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న – పాతచక్రం

నా దగ్గర ఇరవై ఎనిమిదేళ్ల పాత కారు ఒకటి ఉంది. దానిది ర్యాక్ రకం స్టీరింగ్ కాదు. స్టీరింగ్ బాక్సు, దాని నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, అవతలి పక్క ఊతంగా ఉండే ఐడ్లర్ ఆర్మ్, ఆ రెండు ఆర్మ్‌లనూ కలిపే సెంటర్ లింకు అనే కడ్డీ ఉన్న పాత పద్ధతి. పవర్ స్టీరింగ్ లేదు. కొన్ని నెలలుగా తిన్నని దారిలో కూడా స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ సరిచేసుకుంటూ నడపవలసి వస్తోంది. బండి ఆపి, స్టీరింగ్ వీలు అంచుకు టేపు ముక్క అంటించి కొలిస్తే, ముందు చక్రం కదలడం మొదలుపెట్టేలోపు అంచు దాదాపు 45 మిల్లీమీటర్లు ఊరికే తిరుగుతోంది. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది.

బాక్సు పైనున్న స్క్రూను అర చుట్టు బిగిస్తే సరిపోతుందని ఒక మెకానిక్ అన్నారు. టై రాడ్ ఎండ్లన్నీ (చక్రాలను తిప్పే కడ్డీల చివరి జాయింట్లు) మార్చేయమని మరొకరు అన్నారు. ఇద్దరిలో ఎవరూ బండి కిందికి వంగి చూడలేదు. నేను జాకీ మీద ఎత్తి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశాను గాని ఏ జాయింటులోనూ నాకు తేడా కనిపించలేదు. అరిగిన భాగం ఫలానాదని నమ్మకంగా తేల్చుకునే పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – గ్రీజుగన్

ముందుగా ఒక మాట: ఆ స్క్రూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బండి ఎక్కువ దూరం తిన్నగానే నడుస్తుంది కనుక, బాక్సు లోపలి పళ్లు మధ్య భాగంలోనే ఎక్కువగా అరుగుతాయి. వదులు వేరే చోట ఉండగా మధ్యలో ప్లే (వదులు) పోయేదాకా స్క్రూ బిగిస్తే, మలుపులో పళ్లు బిగుసుకుంటాయి. మలుపు తిరిగాక వీలు తనంతట తాను వెనక్కి రాదు, బాక్సు మరింత త్వరగా పాడవుతుంది. జాయింట్లన్నీ మంచివని తేలిన తరువాతే స్క్రూ సంగతి ఆలోచించాలి, అదీ తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన ప్రకారమే.

మీకు ఏమీ కనిపించకపోవడానికి కారణం బండిని ఎత్తడమే. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు టై రాడ్లు నడకలో ఉండే కోణంలో ఉండవు, పైగా చేత్తో ఊపే బలం కూడా చాలదు. బండిని ర్యాంపు మీదో, కింద గుంత ఉన్న చోటో, చక్రాల మీద బరువు ఆనేలా నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టండి. ఒకరు సీట్లో కూర్చుని, వదులు ఉన్న మేరకే వీలును అటూ ఇటూ చకచకా ఆడిస్తూ ఉండాలి. టైరు నేలను పట్టుకుని ఎదురు నిలుస్తుంది కనుక, అరిగిన చోటు అప్పుడు బయటపడుతుంది. మీ బండికి ఇంజను ఆపి ఉంచవచ్చు. పవర్ స్టీరింగ్ ఉన్న బండికైతే ఇంజను నడుస్తుండగా చేయాలి.

కింద ఉన్నవారు పై నుంచి మొదలుపెట్టి చక్రం దాకా కదలికను వెంబడించాలి. స్టీరింగ్ షాఫ్టు కదిలి, దాన్ని బాక్సుకు కలిపే రబ్బరు కప్లింగ్ అవతలి వైపు ఆలస్యంగా కదిలితే దోషం కప్లింగ్‌ది. బాక్సులోకి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే దోషం బాక్సుది. ఇంతకంటే ముందు బాక్సు మొత్తం ఛాసిస్ మీద కదులుతోందేమో చూడండి. బోల్టులు సడలినా, అవి కూర్చునే చోట పగులు వచ్చినా లక్షణాలు అచ్చంగా ఇలాగే ఉంటాయి, చాలామంది అక్కడ చూడరు. ఐడ్లర్ ఆర్మ్ అడ్డంగా మాత్రమే తిరగాలి. వీలు ఆడించినప్పుడల్లా అది పైకీ కిందికీ ఎగిరితే దాని బుష్ (తిరిగే చోట ఉండే తొడుగు) పోయినట్టే.

టై రాడ్ ఎండ్ల దగ్గర కంటిని నమ్ముకోకండి. వేలి కొన సగం సాకెట్ (జాయింటు గిన్నె) మీద, సగం దాని స్టడ్ (బోల్టు లాంటి కాడ) దిగిన ఆర్మ్ మీద ఆనేలా పెట్టండి. మంచి జాయింటులో రెండూ ఒక్కటిగా కదులుతాయి. అరిగినదానిలో ఒకటి ముందూ ఒకటి వెనకా కదిలి, వేలి కింద చిన్న టకటక తగులుతుంది. రాడ్డును చేత్తో పట్టి దాని అక్షం చుట్టూ మెలితిప్పితే తిరగడం మాత్రం సహజం, అది అరుగుదల కాదు. పెద్ద ప్లయరుతో జాయింటును నొక్కి చూసే అలవాటు కొందరికి ఉంది. అనేక జాయింట్ల లోపల స్ప్రింగు ఉంటుంది కాబట్టి కొత్తవి కూడా ఆ నొక్కుడుకు కాస్త లొంగుతాయి. అలా మంచి జాయింట్లు ఎన్ని చెత్తలోకి పోయాయో!

ఇంకొక సందేహం. మీరు కొలిచినప్పుడు చూసినది ఏ వైపు చక్రం?

సమాధానం – కొలతబద్ద

వేలితో చూడమనడానికి ఒక లెక్క ఉంది. వీలు వ్యాసం 380 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక డిగ్రీకి అంచు దగ్గర సుమారు 3.3 మిల్లీమీటర్లు వస్తుంది. చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 మిల్లీమీటర్లు, వీలు 16 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుందని అనుకోండి. అప్పుడు టై రాడ్ ఎండ్‌లో కేవలం ఒక మిల్లీమీటరు వదులు, చక్రం దగ్గర 0.44 డిగ్రీ, వీలు దగ్గర 7 డిగ్రీలు, అంటే అంచు మీద దాదాపు 23 మిల్లీమీటర్లు అవుతుంది. అదే ఒక మిల్లీమీటరు, అక్షానికి 25 మిల్లీమీటర్ల దూరంలో బోల్టులున్న కప్లింగ్‌లో ఉంటే, అంచు మీద 7 లేదా 8 మిల్లీమీటర్లకు మించదు. బాక్సు తరువాత వచ్చే అరుగుదల మాత్రమే ఇలా పదహారింతలవుతుంది.

పాతచక్రం

గ్రీజుగన్ గారు అడిగిన ప్రశ్నే దారి చూపింది. నేను మొదట కొలిచినది డ్రైవరు పక్క కాదు, అవతలి చక్రం. ఈ రోజు రెండూ విడివిడిగా చూస్తే, డ్రైవరు పక్కది 25 మిల్లీమీటర్లకే కదిలింది, అవతలిది మాత్రం 45 దగ్గర కదిలింది. కింద పడుకుని చూస్తే ఐడ్లర్ ఆర్మ్ మీరు చెప్పినట్టే ఎగురుతోంది. కప్లింగ్ రబ్బరు బోల్టు రంధ్రాల దగ్గర చీలి ఉంది. టై రాడ్ ఎండ్లలో వేలికి ఏ టకటకా తగల్లేదు, కాని డ్రైవరు పక్క బయటి జాయింటు బూటు (రబ్బరు తొడుగు) చిరిగి, గ్రీజు మట్టితో కలిసి నల్లని ముద్దలా ఉంది. ప్లే లేనప్పుడు దాన్ని మార్చాలా? అదీగాక ఎత్తి ఉంచిన డ్రైవరు పక్క చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా ఆడుతోంది.

సమాధానం – స్టాండుమీద

జాయింటును మార్చండి. మట్టి, నీరు లోపలికి చేరాక ఈ రోజు బిగుతుగా ఉన్నదానికి రేపు ఏ భరోసా లేదు. గ్రీజులో ఇసుక చేరితే అది ఆకురాయి పనే చేస్తుంది.

పైనా కిందా ఆడటానికి కారణాలు రెండు. మరొకరిచేత బ్రేకు గట్టిగా తొక్కించి మళ్లీ ఊపండి. ఆట పోతే అది చక్రం బేరింగుది. అలాగే ఉంటే బాల్ జాయింటుది (చక్రం భాగాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే జాయింటు). అయితే బాల్ జాయింటు మీద స్ప్రింగు బరువు ఉన్నంతసేపు అది అరిగినా బిగుతుగా నటిస్తుంది. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండికి, జాకీని ఆ ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకు దగ్గరగా పెట్టి ఎత్తాలి. స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉంటే, ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య చెక్క దిమ్మ ఇరికించి ఛాసిస్ దగ్గర ఎత్తాలి. ఏ పద్ధతిలోనైనా జాకీని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండు తప్పనిసరి.

టై రాడ్ ఎండ్‌ను పుల్లరుతో తీయండి; రెండు పళ్ల ఫోర్కును దిగ్గొడితే పక్కనున్న మంచి బూటు కూడా చిరగవచ్చు. కొత్తదానికి నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించాక స్ప్లిట్ పిన్ (నట్టు సడలకుండా గుచ్చే పిన్ను) రంధ్రం కలవకపోతే, తరువాతి గాడి వచ్చేదాకా ఇంకొంచెం బిగించాలి గాని వెనక్కి సడలించకూడదు. పాత పిన్నును మళ్లీ వాడవద్దు. విప్పేటప్పుడు మరలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకోండి. ఆ లెక్క ప్రకారం కొత్తది ఎక్కించడం, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించే చోటికి బండి చేరడానికి మాత్రమే పనికొస్తుంది.

పాతచక్రం

ఐడ్లర్ ఆర్మ్, కప్లింగ్, ఆ ఒక్క టై రాడ్ ఎండ్ మార్చాను. బ్రేకు తొక్కగానే ఆట పోయింది కనుక బేరింగును మాన్యువల్ ప్రకారం సర్దాను. ఇప్పుడు రెండు చక్రాలూ 13 మిల్లీమీటర్ల దగ్గర ఒకేసారి కదులుతున్నాయి. బాక్సు స్క్రూ మీది పాత పెయింటు చెదరలేదు. అలైన్‌మెంట్ రేపు చేయిస్తున్నాను. తీసిన ఐడ్లర్ ఆర్మ్‌ను బల్ల మీద పెట్టి చూస్తే, ఎవరూ తాకకుండానే తన బరువుకు తానే పక్కకు వాలిపోతోంది.