మైదా లేని చాక్లెట్ కేక్: పళ్ల కింద ఇసుకలా తగులుతోంది, అంచుల్లో కొవ్వు ఊరుతోంది

వేళచ్చేరి వంటిల్లు (చెన్నై):
ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు కూడా ఓ ముక్క తినేలా మైదా, పంచదార లేకుండా చాక్లెట్ కేక్ చేస్తున్నాను. 85 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, ఉప్పు లేని బటర్ 150, ఎరిత్రిటాల్ (పంచదార బదులు వాడే తీపి పొడి) 130, కోకో పౌడర్ 20, గుడ్లు 5. చాక్లెట్, బటర్ కరిగించి ఎరిత్రిటాల్ అందులోనే కలిపి, తర్వాత గుడ్లు గిలక్కొట్టి పోశాను. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పైనా కిందా రెండు రాడ్లూ వేసి 180 దగ్గర 40 నిమిషాలు. రుచి బాగుంది. కానీ ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే ఇసుకలా కరకరలాడుతోంది, అంచుల దగ్గర కొవ్వు ఊరి పేరుకుంది, పైన నడిమధ్య పెద్ద పగులు. ఎక్కడ మార్చాలి? బయట పెడితే ఈ ఎండలకి మెత్తబడిపోతోంది, దానికీ ఉపాయం చెప్పండి.

కొలత గిన్నె (బెంగళూరు, జయనగర్):
ఆ ఇసుక ఎరిత్రిటాలే అండి. అది కొవ్వులో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నీళ్లలోనూ పంచదార కరిగినంత కరగదు, చల్లబడేకొద్దీ మళ్లీ పలుకులు కడుతుంది. మీరు చాక్లెట్, బటర్‌లో వేశారు కాబట్టి పలుకులు పలుకులుగానే ఉండిపోయింది. పైగా 130 ఎక్కువ. 80కి దించి, తీపి చాలకపోతే స్టీవియా చుక్కలు సీసా మీద రాసిన లెక్క చూసి కలపండి. మరీ ఎక్కువైతే చేదు తగులుతుంది.

వరుస కూడా మార్చాలి. ఎరిత్రిటాల్‌ని తడి లేని మిక్సీ జార్‌లో మెత్తగా పట్టండి. మూత వెంటనే తీయకండి, ఆ పొడి ముక్కుకెక్కి ఒకటే దగ్గు. 100 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లో ఈ పొడి వేసి, గరిటెకి అడుగున పలుకు తగలనంత వరకు చిన్న మంట మీద కలపండి. బటర్ ముక్కలు అందులోనే కరిగించి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత నడుమ నుంచి చిన్న చిన్న చుట్లుగా కలుపుతూ అంచులకు వస్తే నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. నీళ్లు తగిలితే చాక్లెట్ గడ్డకడుతుందని భయం వద్దు. ఒకటి రెండు చెంచాలు పడితేనే బిరుసెక్కుతుంది, ఇన్ని నీళ్లు ఒకేసారి పడితే కాదు. కోకో పౌడర్ జల్లించి ఇప్పుడే కలిపేయండి.

కొవ్వు ఊరడం వేరే సంగతి. మిశ్రమం మరీ వేడిగా ఉండగా గుడ్లు పోస్తే విరుగుతుంది. 40–45 డిగ్రీలకు దిగాకే, అంటే వేలు పెడితే గోరువెచ్చగా తగిలినప్పుడే పోయాలి. గుడ్లు ఫ్రిజ్‌లోవైతే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి, లేదంటే ఆ చల్లదనానికి కోకో బటర్ (చాక్లెట్‌లో ఉండే కొవ్వు) పూసలు కడుతుంది. నూనె విడినట్టు కనిపిస్తే ఒక చెంచా వేడినీళ్లు వేసి విస్క్‌తో గట్టిగా తిప్పితే కలిసిపోతుంది.

అసలు దోషం ఓవెన్‌లో ఉంది. మైదా లేని కేక్‌ని నిలబెట్టేది గుడ్డు. అది మరీ ఉడికితే బిగుసుకుపోయి, పట్టి ఉంచిన నీళ్లనీ కొవ్వునీ వదిలేస్తుంది. పగులు కూడా అందుకే. 160 డిగ్రీలు, కింది రాడ్ మాత్రమే, 15 నిమిషాలు ముందే వేడెక్కించండి. అడుగు ఊడని 8 అంగుళాల టిన్‌లో బటర్ పేపర్ వేసి మిశ్రమం పోసి, పైన ఫాయిల్ వదులుగా కప్పి, పెద్ద ట్రేలో పెట్టి, టిన్ సగం ఎత్తు దాకా వేడినీళ్లు పోయండి. అడుగు ఊడే టిన్ వాడితే సందులోంచి నీళ్లు చేరతాయి, ఫాయిల్ చుట్టినా నాకు నమ్మకం లేదు. ఆ పెద్ద ట్రే మీ ఓటీజీలో పడుతుందో లేదో ముందే చూసుకోండి.

35 నిమిషాల నుంచి గమనించండి, చిన్న ఓటీజీల్లో 50 దాకా పట్టొచ్చు. చాకు గుచ్చి చూడొద్దు. చాకు శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఎక్కువ ఉడికినట్టు. టిన్‌ని కాస్త కదిపితే అంచులు నిలిచి, నడుమ రెండంగుళాల మేర జున్నులా తొణకాలి. థర్మామీటర్ ఉంటే నడుమ 71 డిగ్రీలు.

అన్నానగర్ బేకింగ్ (చెన్నై):
పై సమాధానానికి రెండు కలుపుతాను. గుడ్లు లెక్కపెట్టకండి, తూచండి. విదేశీ కొలతల్లో పెద్ద గుడ్డంటే పెంకు తీస్తే 50 గ్రాములు. మన దగ్గర దొరికేవి చాలావరకు అంతకన్నా చిన్నవి. పెంకు లేకుండా 250 గ్రాములు రావాలి, మన గుడ్లు 6 పట్టొచ్చు. తక్కువైతే కేక్ నిలవదు, చాక్లెట్ ముద్దలా జారుతుంది.

చాక్లెట్ ప్యాకెట్ వెనక తప్పకుండా చదవండి. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసిన చాక్లెట్, ఈ కేక్‌కి పనికిరాదు, పంచదార కూడా దండిగా ఉంటుంది. షుగర్ ఫ్రీ అని రాసిన వాటిలో చాలాసార్లు మాల్టిటాల్ అనే మరో తీపి పదార్థం వేస్తారు, అది రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఎరిత్రిటాల్ అలా పెంచదు. 85 శాతం చాక్లెట్‌లో మిగతా 15 దాదాపు పంచదారే, అంటే 200 గ్రాములకి 30. కేక్‌ని 12 ముక్కలు చేస్తే ముక్కకి రెండున్నర గ్రాముల పంచదార. కోకోలో సహజంగా ఉండేవి కూడా కలిపి, పీచు తీసేసి లెక్కేస్తే నాలుగైదు గ్రాముల కార్బ్స్. 70 శాతం చాక్లెట్ వాడితే పంచదార రెట్టింపవుతుంది.

వేళచ్చేరి వంటిల్లు:
చాలా థ్యాంక్స్ అండి. గుడ్లు బీటర్‌తో నురగ వచ్చేదాకా కొట్టి కలిపితే ఎత్తు వస్తుంది కదా? డికాక్షన్ బదులు నీళ్లు పోయొచ్చా?

కొలత గిన్నె:
నీళ్లు పోయొచ్చు, కానీ డికాక్షన్ చాక్లెట్ ఘాటుని పైకి తెస్తుంది, ఎరిత్రిటాల్ నాలుక మీద వదిలే చల్లదనం కూడా అంతగా తెలియదు. ఇక నురగ మాత్రం వద్దంటాను. ఓవెన్‌లో ఎత్తుగా పొంగి, చల్లారేటప్పుడు కుంగి, పైన పెచ్చులా పగులుతుంది. ఈ కేక్ దాదాపు ఒక అంగుళం ఎత్తులో చిక్కగా ఉంటేనే బాగుంటుంది. విస్క్‌తో పచ్చసొన, తెల్లసొన కలిసేదాకా తిప్పి వడకట్టండి, చాలు. పోశాక టిన్‌ని గట్టు మీద రెండుసార్లు తట్టండి, బుడగలు పైకొచ్చి పగులుతాయి.

వైట్‌ఫీల్డ్ కాఫీ (బెంగళూరు):
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. బెంగళూరు ఎత్తుకి కొలతలు మార్చాలా?

కొలత గిన్నె:
అక్కర్లేదు. 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. బేకింగ్ పౌడర్ వేసే కేక్‌లకైతే కాస్త తేడా రావచ్చు. ఇందులో పొంగించేదేమీ లేదు.

అన్నానగర్ బేకింగ్:
మెత్తబడడం గురించి. బటర్, కోకో బటర్ రెండూ 32–34 డిగ్రీల దగ్గర కరుగుతాయి, మన వేసవి వంటింట్లో అంతే ఉంటుంది. కాబట్టి టిన్‌లోనే గంట చల్లార్చి, ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డించే పది పదిహేను నిమిషాల ముందే తీయండి. బెంగళూరులో అరగంట బయట ఉన్నా ఏం కాదు. చాకుని వేడినీళ్లలో ముంచి తుడిచి, ప్రతి కోతకీ మళ్లీ అలాగే చేయండి. డబ్బాతో బయటికి తీసి, మూత పది నిమిషాలు తెరవకండి. తెరిస్తే మన గాలిలో తేమంతా కేక్ మీదే చెమటలా పడుతుంది. కోకో పౌడర్ చల్లేదేదైనా ఆ తర్వాతే. మిగిలిన ముక్కలు విడివిడిగా బటర్ పేపర్‌లో చుట్టి గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రీజర్‌లో నెలరోజులు ఉంటాయి, తినే ముందు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి దించండి.