అప్‌డేట్: మా కాలనీ కుళాయి నీటి కాఠిన్యం పరీక్షలో తేలిన సంగతులు

కుళాయిల చుట్టూ తెల్లటి పొర పేరుకుంటోందని, సబ్బు నురగ రావడం లేదని, ఈ నీరు తాగవచ్చా అని కొన్ని వారాల క్రితం అడిగాను. ఓపికగా బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అప్పట్లో నా దగ్గరున్న ఆధారం టీడీఎస్ మీటరు చూపిన అంకె ఒక్కటే. అది నీటి విద్యుద్వాహకతను బట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప, వాటిలో కాఠిన్యానికి కారణమయ్యే కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పదని మీరు వివరించాకే నీటిని ప్రయోగశాలకు తీసుకెళ్లాను. ఆ రెండింటినీ పట్టుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం చుక్కచుక్కగా పడుతుంటే, సూచిక రంగు కలపడంతో ఎర్రగా ఉన్న నమూనా ఒక్క చుక్కతో నీలంగా మారడం దగ్గరుండి చూశాను. కాల్షియం కార్బొనేట్ లెక్కన కాఠిన్యం లీటరుకు 340 మిల్లీగ్రాములని తేలింది. 180 దాటితేనే చాలా కఠిన జలమంటారు. అయితే 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ.కోలి (నీటిలో మలం కలిసిందని తెలిపే బ్యాక్టీరియా) కనబడలేదు, నాకు అసలైన ఊరట అదే. కాఠిన్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ విధించలేదు గానీ, తాగునీటిలో ఈ.కోలి అసలు ఉండకూడదు.

మరిగించడం కొంతవరకే పనిచేసింది. బైకార్బొనేట్లు కార్బొనేట్లుగా మారి గిన్నె అడుగున పెచ్చుగా దిగి, వెనిగర్ పోయగానే బుసబుసమని కరిగిపోయాయి. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే కాఠిన్యం మాత్రం అలాగే ఉండిపోతుంది.

అందుకే స్నానానికి, బట్టలకు వెళ్లే పైపుకు మాత్రమే సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తగ్గించే పరికరం) పెట్టించాను. అది కాల్షియం స్థానంలో సోడియాన్ని వదులుతుంది కాబట్టి, ఇంట్లో రక్తపోటు ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని వంటింటి కుళాయిని కదిలించలేదు. వర్షాలు తగ్గాక మరోసారి పరీక్ష చేయిస్తాను.