ఎర్త్ అవర్‌లో నివాస సముదాయమంతా పాల్గొనేలా చేయడం ఎలా?

2007 మార్చి 31న సిడ్నీ నగరంలో మొదలై, ఇప్పుడు ఏటా మార్చి నెలలో ఒక శనివారం రాత్రి 8:30 నుంచి 9:30 వరకు, పర్యావరణంపై అవగాహన కోసం అవసరం లేని దీపాలను ఆర్పి, అనేక దేశాల్లో పాటిస్తున్న ఎర్త్ అవర్‌ను ఈసారి మా నివాస సముదాయంలో అందరం కలిసి నిర్వహించాలనుకుంటున్నాము. ఇటువంటి ప్రయత్నం చేసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మెట్లు, లిఫ్టు, ప్రవేశద్వారం దగ్గరి దీపాలను, వైద్య పరికరాలు వాడే ఇళ్లను మినహాయించాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. చిక్కంతా ఒక్క గంట దీపాలు ఆర్పినంత మాత్రాన కర్బన ఉద్గారాలు ఏపాటి తగ్గుతాయన్న ప్రశ్నతోనే వస్తోంది. అది సబబైన ప్రశ్నే. ఆదా అయ్యే విద్యుత్తు స్వల్పమేనని, దీని ఉద్దేశం అవగాహన కల్పించడమేనని నేనూ అంగీకరిస్తాను. పైగా దీపాలు ఆర్పి, ఏసీలు మాత్రం నడుపుతూ, పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనపు కొవ్వొత్తులు వెలిగిస్తే ఆ కాస్త అర్థమూ మిగలదు.

కాబట్టి, పాల్గొనని ఇళ్లను వేలెత్తి చూపినట్లు కాకుండా ఎక్కువమందిని ఎలా ఒప్పించారు? చీకట్లో పిల్లలకు, వృద్ధులకు ఇబ్బంది కలగని కార్యక్రమాలేవి బాగా సాగాయి? ముఖ్యంగా, ఆ ఉత్సాహం మరునాటికే చల్లారిపోకుండా, ఉమ్మడి మీటరు రీడింగును నెలనెలా అందరికీ తెలియజేయడం వంటి పద్ధతి ఏదైనా మీ దగ్గర నిలిచిందా?