బుడమేరు ముంపు: మా స్కూలుకు అమెరికా సంఘం పంపే సాయం ఏ దారిన తీసుకోవాలి?

ప్రశ్న (స్కూలు కరస్పాండెంట్, సింగ్‌నగర్, విజయవాడ)
వందనాలండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంపులో మా సొసైటీ హైస్కూలు కింది అంతస్తు మునిగింది. ఇప్పటికి బురద ఎత్తించాం. అమెరికాలోని భాగస్వామ్య సంఘం డబ్బు, ఒక కంటైనర్ పుస్తకాలు పంపుతామంటోంది. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు, డయోసిస్‌కు (మా చర్చిల ప్రాంతీయ పాలక సంస్థకు) ఉంది. డయోసిస్‌కు వచ్చాక మా ఖాతాకు మార్చుకోవచ్చా? లేదా పాస్టరుగారి ఖాతాలో వేయించుకోవచ్చా?

జవాబు 1
రెండూ వద్దండి. 2020 సవరణ తర్వాత ఆ చట్టం సెక్షన్ 7 ప్రకారం విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. స్కూలు సొమ్ము పాస్టరుగారి సొంత ఖాతాకు రావడం చట్టవిరుద్ధం, చిక్కుల్లో పడేది ఆయనే.

డయోసిస్సే నేరుగా ఖర్చు పెట్టాలి. కొటేషన్, వర్క్ ఆర్డర్, బిల్లు అన్నీ డయోసిస్ పేరున ఉండాలి, చెల్లింపు మేస్త్రీకో షాపుకో డయోసిస్ ఖాతా నుంచే వెళ్లాలి. కొన్న బల్లలు డయోసిస్ ఆస్తుల రిజిస్టరులోనే రాయాలి. అన్నిటికంటే ముందు డయోసిస్ రిజిస్ట్రేషన్‌లో ‘విద్య’ ఉందో లేదో చూడండి. చాలామంది చూడనిది ఇదే. మతపరమైన పనులకు మాత్రమే ఉంటే ఆడిట్‌లో ఆగిపోతుంది.

డబ్బు మీ పేరునే కావాలంటే ఎఫ్‌సీ-3బీ ఫారంలో కేంద్ర హోంశాఖను ముందస్తు అనుమతి అడగాలి. దాత సంఘం నుంచి మొత్తం, ప్రయోజనం రాసిన హామీ లేఖ, ప్రాజెక్టు రిపోర్టు జత చేయాలి. ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. నెలలు పడుతుంది కాబట్టి అత్యవసర పనికి దీన్ని నమ్ముకోవద్దు.

కంటైనర్ వద్దని మర్యాదగా రాయండి. వస్తువులూ విదేశీ విరాళం లెక్కే. పోర్టులో రోజు గడిచేకొద్దీ డెమరేజ్ (సరుకు విడిపించడం ఆలస్యమైతే పడే రుసుము) పెరుగుతుంది, ఆ పుస్తకాలు మన సిలబస్‌కూ పనికిరావు.

జవాబు 2
డబ్బు వచ్చేలోపు చేయాల్సినవి: నీటిమట్టం కింద ఉన్న స్విచ్‌బోర్డులన్నీ మార్పించండి, ఆరబెట్టి వాడొద్దు. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) వైరింగ్ చూపించి, రీడింగ్ 1 మెగాఓమ్ దాటితేనే కరెంటు ఇవ్వాలి. సంపు కడిగి నింపాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, రాత్రంతా ఉంచి, ఆ నీళ్లు పారబోయాలి. తాగే నీళ్లు ఆ తర్వాతే.

గోడలకు ఇప్పుడే పుట్టీ పెట్టొద్దండి. లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు పొరలుగా ఊడిపోతుంది. ఈ ఏడాదికి సున్నం చాలు. రంగుల డబ్బు వేసవిలో పంపమని ఆ సంఘానికి కారణంతో సహా రాయండి. ప్లైవుడ్ బల్లలకు ఇనుప ఫ్రేము బాగుంటే పైచెక్కలు మారిస్తే సరిపోతుంది.

తడిసిన అడ్మిషన్ రిజిస్టర్లను ఎండలో పెట్టకుండా, నీడలో ఫ్యాన్ కింద పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టండి. పదో తరగతి పిల్లల టీసీలు వాటి మీదే ఆధారపడతాయి.