నెలల తరబడి తిరిగే ఫోర్ బై ఫోర్‌కి ఏ రంగు వేయిస్తే మంచిది?

కొండదారి:

అందరికీ నమస్కారం. నా దగ్గర పాత ఫోర్ బై ఫోర్ ఉంది, టింకరింగ్ మొత్తం అయిపోయింది, తుప్పు తిన్న చోటల్లా రేకు కోసేసి కొత్తది వెల్డ్ చేయించాను, ఇప్పుడు బండి ప్రైమర్ మీద బూడిద రంగులో నిలబడి ఉంది. ఇక రంగు నేనే చెప్పాలి, పెయింటర్ రోజూ అడుగుతున్నాడు, నాకేమో తేలట్లేదు. వెనక సీట్లు తీసేసి పడక, ఫ్రిజ్, రెండో బ్యాటరీ పెట్టుకున్నాను. ఎడారి, అడవి దారులు, కొండలు అన్నీ తిరగాలని, రాత్రుళ్ళు అందులోనే పడుకోవాలని నేనూ మా ఆవిడా ఎప్పట్నుంచో అనుకుంటున్నాం.

నాకైతే మొదట్నుంచీ మ్యాట్ బ్లాక్ మీద మనసు, లేదంటే మిలిటరీ బళ్ళలా ముదురు ఆకుపచ్చ. ఆవిడేమో ఎండలో పడుకునేది మనమే కదా, తెలుపు వేయించు అంటోంది. ఇసుక రంగు కూడా లిస్టులో ఉంది కానీ అది బాగుంటుందో లేదో ఊహకి అందట్లేదు. ఒకసారి వేశాక పదేళ్ళు చూడాల్సిన రంగు, అందుకే బయట తిరిగిన అనుభవం ఉన్నవాళ్ళని అడుగుతున్నా. గీతలు, దుమ్ము, వేడి, టచప్, అన్నీ చెప్పండి.

స్ప్రేగన్:

నేను పెయింట్ పనిలోనే ఉన్నానండి. ఏ రంగు అన్నది తర్వాత, ముందు సాలిడ్, అంటే మెరుపు రేణువులు లేని మామూలు రంగు వేయిస్తారా, మెటాలిక్ వేయిస్తారా అది తేల్చుకోండి. మీరు తిరిగే దారులకి సాలిడే వేయించండి, ఇందులో ఇంకో ఆలోచన వద్దు. మెటాలిక్‌లో సన్నని అల్యూమినియం రేకులు ఉంటాయి, గన్ ఎంత దూరంలో పట్టాం, ప్రెషర్ ఎంత, థిన్నర్ ఎంత అన్నదాన్ని బట్టి అవి పడుకునే తీరు మారుతుంది, అందుకే అదే డబ్బాలో పెయింట్ తీసి అదే డోర్‌కి టచప్ చేసినా మచ్చలా కనిపిస్తుంది, మొత్తం ప్యానెల్ కొట్టి పక్క ప్యానెల్‌లోకి కలిపితే తప్ప తెలియకుండా పోదు. పెర్ల్ అయితే మూడు కోట్లు, ఇంకా కష్టం. సాలిడ్ రంగయితే చిన్న బ్రష్‌తో మీరే దారిలో అద్దుకోవచ్చు, ఆరాక వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే ఉప్పుకాగితం) మెల్లగా రుద్ది కాంపౌండ్ (పాలిష్ పేస్ట్) పెడితే నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ పట్టుకోలేరు.

గీతల సంగతి. కంపెనీ నుంచి వచ్చిన బండి మీద అన్ని కోట్లూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైన ఉండే క్లియర్ కోట్ 40, 50 అంతే, అంటే మన తల వెంట్రుక కంటే సన్నం. ముళ్ళ కొమ్మ రాసుకుంటూ పోతే గీత చాలావరకు ఆ క్లియర్‌లోనే ఆగిపోతుంది, కింద రంగు చెడదు. కానీ గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. కావాలంటే ఏదైనా నల్ల బండి మీద గీత దగ్గర వేలితో కొంచెం నీళ్ళు రాసి చూడండి, గీత మాయమైపోతుంది, ఆరగానే మళ్ళీ తెల్లగా తేలుతుంది. తెల్ల గీత నలుపు మీద అరుస్తుంది, లేత రంగు మీద కలిసిపోతుంది. అడవి దారి ఒక్కటి తిరిగొచ్చిన నల్ల బండిని సాయంత్రం ఎండలో పక్క నుంచి చూస్తే నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎర్రమట్టి:

ఈ విషయంలో మీ ఆవిడ మాటే నా మాట కూడా, కనీసం రూఫ్ వరకైనా తెలుపు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు ఒకే మోడల్ కార్లు రెండు, ఒకటి నలుపు ఒకటి సిల్వర్, ఎండలో పక్కపక్కన నిలబెట్టి కొలిచారు, 2011లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. సిల్వర్ కారు రూఫ్ నల్లదాని కంటే 25 డిగ్రీల వరకు చల్లగా ఉంది, లోపల గాలి 5, 6 డిగ్రీలు తక్కువ. సిల్వర్‌కే అంత తేడా ఉంటే తెలుపు సంగతి చెప్పక్కర్లేదు. మామూలు కారుకి ఏసీ వేసేస్తే పోతుంది, మీరు ఇంజన్ ఆపి అందులో పడుకుంటారు, ఫ్రిజ్ ఆ వేడిలోనే రెండో బ్యాటరీ మీద నడవాలి, లోపల వేడి పెరిగే కొద్దీ కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, రాత్రికి బ్యాటరీ ఖాళీ.

పాత ల్యాండ్ రోవర్లకి ట్రాపికల్ రూఫ్ అని వచ్చేది, మామూలు రూఫ్ మీద ఇంకో రేకు, మధ్యలో గాలి ఆడే సందు. ఆ రోజుల్లోనే నీడ విలువ తెలిసి చేసిన పని అది. మీరు రూఫ్ రాక్ పెట్టి దాని మీద సోలార్ ప్యానెల్ వేసినా కొంచెం అదే లాభం వస్తుంది. బండి పక్కలు ఏ రంగైనా పర్లేదు, నడినెత్తి ఎండ పడేది పైనే కదా.

లాంగ్‌రూట్:

బోర్డర్లు దాటే ఆలోచన ఉంటే మిలిటరీ ఆకుపచ్చ మర్చిపోండి అన్నా. ఇండియాలో మోటార్ వాహనాల రూల్స్ ప్రకారం ఆలివ్ గ్రీన్ సైన్యం బళ్ళకి తప్ప ఇంకెవరూ వేయకూడదు, ఇలాంటి రూల్ లేని చోట కూడా గొడవలున్న ప్రాంతంలో చెక్‌పోస్ట్ దగ్గర మనల్ని చూసే చూపు వేరేగా ఉంటుంది. పూర్తి తెలుపుకీ ఒక చిక్కుంది, ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఫోర్ బై ఫోర్లన్నీ తెల్లవే, అలాంటి చోట్ల మనల్ని కూడా వాళ్ళే అనుకోవచ్చు. పైగా మంచులో తెల్ల బండి దూరం నుంచి ఆనదు.

ఆఫ్రికా వెళ్ళేవాళ్ళకి ఇంకోటి, సెట్సీ ఈగలకి నీలం, నలుపు రంగులంటే విపరీతమైన ఆకర్షణ, వాటిని పట్టే వలలు కూడా ఆ రెండు రంగుల గుడ్డతోనే చేస్తారు. ముదురు నీలం బండేసుకుని ఆ ఈగలున్న అడవిలో అద్దం దించితే నిద్రజబ్బు మోసే ఈగల్ని మనమే పిలుచుకున్నట్టు.

రోడ్డు మీద కనిపించడం కూడా చూసుకోండి, ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ 2007లో చేసిన స్టడీలో పగటిపూట నల్ల బళ్ళకి ప్రమాదం జరిగే అవకాశం తెల్లవాటి కంటే 12 శాతం వరకు ఎక్కువని తేలింది.

ఇసుక రంగు ఊహకి అందట్లేదన్నారు కదా. క్యామెల్ ట్రోఫీ అనే పాత అడవి దారుల పోటీలో తిరిగిన ల్యాండ్ రోవర్ల ఫోటోలు వెతికి చూడండి, సాండ్‌గ్లో అనే ఆ పసుపు ఇసుక రంగు బురదలో మునిగి లేచినా ఎంత అందంగా ఉంటుందో. బ్రిటిష్ సైన్యంలోని ప్రత్యేక దళం ఎస్ఏఎస్ వాళ్ళు 1960ల చివర్లో ఎడారికి తీసిన ల్యాండ్ రోవర్లకైతే ఏకంగా గులాబీ రంగు వేశారు, పొద్దున సాయంత్రం ఎడారి వెలుతురు ఆ ఛాయలోనే ఉంటుంది కాబట్టి అందులో కలిసిపోయేవి. షేడ్ కార్డు ట్యూబ్ లైట్ కింద చూసి మాత్రం ఖాయం చేయకండి, బయట మూడు పూటలా చూడండి.

బురదటైర్:

మ్యాట్ బ్లాక్ వాడినవాణ్ణి చెప్తున్నా, వద్దు. నాలుగేళ్ళు భరించాను. కొత్తలో అద్దిరిపోయింది, అందులో అబద్ధం లేదు, ఆగిన ప్రతి చోటా జనం ఫోటోలు తీసుకునేవాళ్ళు. కానీ మ్యాట్‌ని పాలిష్ చేయలేం, రుద్దితే మెరుపొచ్చేస్తుంది. ఒకసారి సర్వీసుకిచ్చిన షెడ్‌లో కుర్రాడు ఎడమ డోర్ మీద గీత చూసి మంచి చేద్దామని కాంపౌండ్ పెట్టి మెషిన్‌తో రుద్దేశాడు, పళ్ళెమంత మెరిసే మచ్చ పడింది, డోర్ మొత్తం మళ్ళీ కొట్టించినా మిగతా బండితో షేడ్ కలవలేదు. దుమ్ము సంగతి సరేసరి, పది కిలోమీటర్లు మట్టిరోడ్డు మీద పోతే పిండి చల్లినట్టు కనిపించేది. వేసవిలో డోర్ హ్యాండిల్ గుడ్డతో పట్టుకుని తీసేవాళ్ళం, పాప ఒకసారి చెయ్యి ఆనించి ఏడ్చింది, ఆరోజే అనుకున్నా మార్చేయాలని. ఇప్పుడు లేత బూడిద కలిసిన గోధుమ రంగు, సాలిడ్. కడిగి రెండు వారాలైనా మురికిగా అనిపించదు.

నలుపు మీద మనసు చావకపోతే డోర్ల కింద భాగం, వీల్ ఆర్చ్‌లు పికప్ బళ్ళ వెనక తొట్టికి వేసే, గరుకుగా ఉండే బెడ్‌లైనర్ కోటింగ్‌తో నల్లగా వేయించండి, రాళ్ళు ఎగిరి కొట్టేది అక్కడే. కింద తుప్పు పూర్తిగా తీసి ఎపాక్సీ ప్రైమర్ కొట్టాకే వేయాలి సుమా, లేకపోతే ఆ మందం కింద తుప్పు పాకుతున్నా పైకి తెలియదు. నిలువెల్లా మాత్రం వేయించకండి, ఆ గరుకులో మట్టి ఇరుక్కుంటే బ్రష్ పెట్టి తోమాలి.

కొండదారి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మీ మాటలు చదివి పెయింటర్‌ని బతిమాలి నాలుగు రేకు ముక్కల మీద తెలుపు, ఇసుక, ఆకుపచ్చ, నలుపు కొట్టించాను, ఒకే ప్రైమర్, ఒకే క్లియర్. బాగా గట్టిపడేదాకా ఆగి మధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టి చెయ్యి ఆనిస్తే నలుపు మీద ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను, ఆకుపచ్చ కూడా దాదాపు అంతే, తెలుపు మీద అరచెయ్యి మొత్తం పెట్టి మాట్లాడుకుంటూ నిలబడ్డాం. తర్వాత ఎండిన ముళ్ళ కొమ్మతో నాలిగింటి మీదా ఒకేలా గీకి, తడి మట్టి పూసి ఆరనిచ్చి పొడిగుడ్డతో తుడిచాను. తెలుపులో నేననుకోనిది ఒకటి కనిపించింది, గీతలు తెలియట్లేదు కానీ వాటిలో మట్టి దిగి సన్నటి గోధుమరంగు దారాల్లా మిగిలాయి. ఇసుక రేకు మీద ఆ మట్టీ గీతా రెండూ కలిసిపోయాయి, దగ్గరగా వంగి చూస్తే తప్ప లేవు. సాయంత్రం ఆరింటికి అదే రేకు కొంచెం గులాబీగా మారింది, ఇద్దరం అలాగే చూస్తూ ఉండిపోయాం.

సో రూఫ్ తెలుపు, బాడీ ఇసుక, డోర్ల కింద నల్ల కోటింగ్. రాల్ (రంగులకి నంబర్లిచ్చే పద్ధతి) నంబర్లలో 1015 లేత దంతం రంగు ఒకటి, 1019 బూడిద కలిసిన గోధుమ ఒకటి చూశాను, 1019 వైపు మొగ్గుతున్నా. ఎక్కడ కలిపించాలో అన్నదే డౌట్.

స్ప్రేగన్:

మంచి పని చేశారు, రేకులు కొట్టించి చూసేవాళ్ళు చాలా తక్కువ. రాల్ నంబరైతే నిశ్చింత, ఆ పద్ధతి 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైంది, ఇప్పుడు పెయింట్ కలిపే మెషిన్ ఉన్న చోట చాలావరకు ఆ నంబర్ చెప్తే కలిపిస్తారు, కంపెనీ కోడ్ కోసం తిరగక్కర్లేదు. ఎండలో ఎక్కువ ఉంటారు కాబట్టి నా ఓటు 1015కి, 1019 అనుకున్నదానికంటే ముదురుగా వస్తుంది, పెద్ద ప్యానెల్ మీద ఇంకా తెలుస్తుంది. ఇంకో రేకు కొట్టించి రెండూ పక్కపక్కన పెట్టండి.

తెలుపుకీ ఇసుకకీ హద్దు వాన నీళ్ళ గట్టర్ దగ్గర పెట్టించండి, మాస్కింగ్ అంచు అందులో దాక్కుంటుంది. బానెట్ మధ్యలో మాత్రం క్లియర్ మ్యాట్‌ది వేయమనండి, ర్యాలీ బళ్ళకి నల్లగా వేసేది కూడా ఇందుకే, లేత రంగు బానెట్ నిగనిగలాడితే ఎదురెండలో కళ్ళు మూసుకుపోతాయి. మిగిలిన పెయింట్ హార్డెనర్ (పెయింట్ గట్టిపడేందుకు కలిపే ద్రవం) కలపకుండా చిన్న సీసాలో నిండా పోసి గట్టిగా మూత పెట్టి బండిలో ఉంచుకోండి, హార్డెనర్ వేరే సీసాలో. నంబర్, వేసిన తేదీ డోర్ లోపలి అంచు మీద మార్కర్‌తో రాయించండి.

కొండదారి:

1015 రేకు రేపు కొట్టిస్తున్నా. ఆరాక ఫోటో పెడతాను, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి.